ఊరేగింపులో వరుస: కాండీ రాజ్యంలో సంఘం, దేవతలు

సింహళుల మతజీవనాన్ని శుద్ధ బౌద్ధంగా, దానిపై పేరుకున్న జానపద విశ్వాసాలుగా విడదీసి చూసే ధోరణి పరిశోధనలో చాలాకాలం సాగింది. కాండీ ఎసల పెరహర చరిత్ర ఈ విభజనకు లొంగదు.

మొదట అది నాథ, విష్ణు, కతరగమ, పత్తిని దేవాలయాల ఉత్సవం. 1753లో సయాం నుంచి వచ్చిన ఉపాలి థేరుడు అంతరించిన ఉపసంపద దీక్షను పునరుద్ధరించాడు. బౌద్ధ రాజ్యంలో దేవతలకే ఇంతటి ఉత్సవమా అని సయాం భిక్షువులు ఆక్షేపించినట్లు సంప్రదాయం చెబుతున్నది. రాజు కీర్తిశ్రీ రాజసింహుడు దేవతలను తొలగించలేదు. దంతధాతువును ఊరేగింపు అగ్రభాగాన నిలిపాడు. ఆయన దక్షిణ భారత మూలాలున్న నాయక వంశీయుడు. శైవాచారాన్ని విడువలేదన్న ఆక్షేపణ ఆయనపై ఉండేది. 1760 నాటి రాజహత్యా కుట్రలో కొందరు భిక్షువులూ పాలుపంచుకున్నారు. కనుక దంతధాతువుకు ఆయన చూపిన గౌరవాన్ని కేవలం భక్తిగా చదవడం అమాయకత్వమే.

అయితే ఈ వరుస రాజనీతితో పుట్టినది మాత్రమే కాదు. సింహళ విశ్వాసంలో దేవతల అధికారం బుద్ధుడు అనుగ్రహించిన ‘వరం’. భక్తులు ఆర్జించిన పుణ్యాన్ని దేవతలు అనుమోదించి, ప్రతిగా రక్షణ ఇస్తారు. రోగం, సంతానం, పంట వారి పరిధి, నిర్వాణం కాదు. దేవాలయంలో పూజ కపురాలది, భిక్షువుది కాదు. గృహస్థుడు మాత్రం విహారంలో పూలు సమర్పించి, పండ్ల పళ్లెంతో దేవాలయానికీ వెళతాడు. దీనిని మిశ్రమ మతమనడం కన్నా అధికార శ్రేణి అనడం సమంజసం.

నేటికీ దంతధాతు పేటిక వెనుక నాథ, విష్ణు, కతరగమ, పత్తిని ఊరేగింపులు అదే క్రమంలో నడుస్తాయి.