సంఘం నియమావళి – కొత్త చట్టం

సంఘం పెట్టగానే నియమావళి రాసుకోవటం మనవాళ్ళకి కెనడాలో కొత్తగా అబ్బిన విద్య కాదు. ఇంగ్లీషు ప్రభుత్వం ఇండియాలో 1860లో చేసిన 21వ చట్టం ప్రకారం ఏడుగురు సంతకాలు చేస్తే సంఘం రిజిస్టరయ్యేది. ఆశయాలు మార్చాలంటే నెల ఎడంతో రెండు సభలు, అయిదింట మూడు వంతుల ఓట్లు కావలసి వచ్చేది. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానే వేరే చట్టం 2001లో గాని రాలేదు.

ఒంటారియో కథ ఇంకోలా నడిచింది. లాభాపేక్ష లేని సంస్థల చట్టాన్ని శాసనసభ 2010లో ఆమోదించింది. అమలులోకి వచ్చింది 2021 అక్టోబరు 19న. ఆస్పత్రి పడక కోసం కాచుకోవటంలో ఆరితేరిన మనకి కూడా పదకొండేళ్ళు ఎక్కువే! పాత నియమావళులు సరిచేసుకోవటానికి 2024 అక్టోబరు 18 దాకా గడువిచ్చారు.

కేంద్ర చట్టం కింద 2014 లోగా, బ్రిటిష్ కొలంబియాలో 2018 లోగా మారని సంఘాలకి రద్దయ్యే ప్రమాదం ఉండేది. ఒంటారియోలో ఆ భయం పెట్టలేదు. చట్టానికి విరుద్ధమైన పాత నిబంధన చెల్లకుండా పోతుంది, అంతే. నాకు ఈ మెతకదనమే ప్రమాదంగా తోస్తుంది. నొప్పి లేని జబ్బుతో డాక్టరు దగ్గరికి ఎవరు వస్తారు? కాగితం మీద ఒక నియమం, చట్టంలో మరొకటి ఉన్న సంగతి ఎన్నికల్లో తగాదా వచ్చిన రోజున బయటపడుతుంది.

మనకి అసలు చిక్కు "కుటుంబ సభ్యత్వం". చందా ఒకటి, మరి ఓట్లెన్ని? ఆచరణలో ఇంటాయన చెయ్యెత్తితే ఇంటి ఓటు అయిపోయినట్టే. కొత్త చట్టంలో సభ్యులు ఒక్కొక్కరికి ఒక ఓటు. వేరే ఏర్పాటు కావాలంటే, సభ్యత్వంలో తరగతులు పెట్టాలంటే, స్థాపనా పత్రంలోనే రాయాలి. అంచేత సభ్యులెవరో – భర్త ఒక్కడా, ఇద్దరూనా, ఇక్కడే పెరిగి పద్ధెనిమిది నిండిన పిల్లలు కూడానా – తేల్చక తప్పదు. ఉగాదికి వంటలు వండి, పిల్లలకి పాటలు నేర్పి, చివర హాలు తుడిచి సంఘాన్ని నిలబెట్టిన ఆడవాళ్ళు జాబితాలో ఫలానా వారి శ్రీమతిగా కాక సొంత పేర్లతో ఉండాలని నా వాదం.

ఓటు కాగితాల ముచ్చట కాదిది. నూటికి పది ఓట్లున్న సభ్యులు కోరితే కార్యవర్గం సభ పిలవాలి. సగానికి మించి ఓట్లు పడితే ఎన్నికైన డైరెక్టరుని దింపవచ్చు. ఆ లెక్కలో ఇంటికి ఒకటా, రెండా అన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది.

బైలాలో మార్పు కార్యవర్గం చెయ్యవచ్చు, తరువాతి సభలో సభ్యులు ఒప్పుకోవాలి. స్థాపనా పత్రం మార్చటానికి మాత్రం మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 1860 నాటి లెక్క కన్నా ఇది కాస్త గట్టిదే. సభకి కనీసం పది రోజుల ముందు నోటీసు అందాలి. ఆ నోటీసు ఇంటికొకటి కాదు, సభ్యులందరికీ పేరుపేరునా వెళ్ళాలి.