మామునూరు విస్తరణలో నీటి లెక్క

వరంగల్‌కు విమానం కొత్త కాదు. నిజాం పాలనలో, 1930లోనే మామునూరులో విమానాశ్రయం వెలిసింది. ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ కాగితం మిల్లు నడిచిన రోజుల్లో వ్యాపారులకు అది అక్కరకొచ్చింది. 1981లో రాకపోకలు ఆగిపోయాయి. ఒకప్పుడు 1,875 ఎకరాలుండేదని చెప్పే స్థలంలో చివరికి మిగిలింది 696 ఎకరాలే. అందుకే విస్తరణ అనగానే నక్కలపల్లి, గాడేపల్లి, గుంటూరుపల్లి రైతుల పొలాలు లెక్కలోకి వచ్చాయి. మరో 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో రూ.205 కోట్లు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి ఊళ్లో మాటంతా ఎకరానికి ఎంత, మొదటి విమానం ఎప్పుడు అన్న రెండు ప్రశ్నల చుట్టే తిరుగుతోంది. పరిహారం న్యాయంగా అందాలన్న దాంట్లో రెండో మాట లేదు. పర్యావరణం సంగతి మాత్రం పొగ, మోతలతోనే ముగిసిపోతోంది. ఓరుగల్లు నేల మీద ముందుగా తేల్చాల్సింది నీటి సంగతి.

కాకతీయులు ఈ ప్రాంతానికి ఇచ్చిన గొలుసుకట్టు పద్ధతిలో పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు ఒర్రెల వెంట కింది కుంటకు, అక్కడి నుంచి మరో చెరువుకు చేరుతుంది. పాకాల, రామప్పలకు పేరొచ్చింది కానీ ఈ పద్ధతిని నిలబెట్టినవి ఊరూరా ఉన్న చిన్న కుంటలు, వాటి నడుమ ఖాళీగా కనిపించే పొలాలు. నగరంలో శిఖం భూములు, నాలాలు ఇళ్ల కిందికి పోయాక ఏమైందో 2020 ఆగస్టులో, 2023 జులైలో, 2025 అక్టోబరు మొంథా తుపానులో మునిగిన కాలనీలు చూపించాయి. ఇక రన్‌వే లెక్క చూద్దాం. ప్రతిపాదన ప్రకారం 2,800 మీటర్ల పొడవు, మామూలుగా ఉండే 45 మీటర్ల వెడల్పు అనుకుంటే 1,26,000 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 1.26 కోట్ల లీటర్లు. పొలం అందులో కొంత ఇంకించుకుంటుంది, కొంత గట్ల నడుమ ఆపుతుంది. రన్‌వే వచ్చిందంతా బయటికి తోసేస్తుంది. టాక్సీవే, టెర్మినల్, పార్కింగ్ ఈ లెక్కలో లేవు. చదును కోసం పల్లపు నేలను ఎత్తు చేస్తే, అడ్డంగా పారే నీటికి రన్‌వేయే కట్టవుతుంది.

ఇది ఊహ కాదు. కొచ్చి విమానాశ్రయ నిర్మాణంలో చెంగల్ తోడు అనే వాగు సహజ మార్గం దెబ్బతింది. 2018 ఆగస్టులో పెరియార్ పొంగినప్పుడు ఆ విమానాశ్రయం రెండు వారాలు మూతపడింది. చెన్నైలో రెండో రన్‌వేను అడయార్ నది మీదుగా పొడిగించారు. 2015 డిసెంబరు వరదకు అక్కడా విమానాలు రోజుల తరబడి ఆగాయి. నీటి దారిని పట్టించుకోకపోతే ఊరితో పాటు విమానాశ్రయమూ నష్టపోతుంది.

పాత విమానాశ్రయమే కదా, కొత్తగా వచ్చే నష్టమేమిటని అడిగేవారున్నారు. 1930 నాటి చుట్టుపక్కల పొలాలన్నీ ఇప్పుడు లేవు, కింద నగరం పెరిగింది. అప్పుడు చెల్లిన లెక్క ఇప్పుడు చెల్లదు. చెరువులుంటే పక్షులొస్తాయి, విమానాలకు ప్రమాదం అన్నది బలమైన అభ్యంతరమే. అయితే పక్షులను రప్పించే వాటిలో చెత్త, మాంసం వ్యర్థాలు ముఖ్యమైనవి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు చెత్త వేయకూడదని, పశువులను కోయకూడదని విమాన నిబంధనలే చెబుతున్నాయి. ముందు అది అమలు చేయాలి. రన్‌వే పక్కన నీరు నిలవనీయకుండా మూసిన కాలువల్లో కింది చెరువుకు పంపడం ఇంజనీర్లకు తెలిసిన పనే. హైదరాబాద్‌కు దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లాకు, గీసుకొండ టెక్స్‌టైల్ పార్కుకు విమానం కావాలన్న వాదన కాదనలేనిది. ఈ వ్యాసం విస్తరణ వద్దనడం లేదు. నీటి లెక్క తేల్చడం వల్ల పని ఆలస్యమవుతుందనే వారు వరదకు ఆగే రోజులనూ లెక్కలో వేసుకోవాలి.

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద విమానాశ్రయాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి. ఆ అధ్యయనం ప్రహరీ గోడ దగ్గర ఆగకూడదు. ఎగువ కుంట నుంచి దిగువ కాలనీ దాకా నీరు పారే మొత్తం నేలను అది కొలవాలి. మూడు గ్రామాల ఒర్రెలు, తూములు, మత్తళ్లు రన్‌వే నక్షాలో కనిపించాలి. తెంచక తప్పని ప్రతి దారికీ బదులు దారి, దాని ఖర్చు ప్రాజెక్టు అంచనాలోనే ఉండాలి. అలా రాయని ఖర్చు మాయం కాదు. దిగువన ఇల్లు కట్టుకున్నవాడి నెత్తిన పడుతుంది.