తీరం దాటింది చీరాల దగ్గర, మునిగింది దివిసీమ

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం, వరి చేతికొచ్చే వేళ. ఆ సాయంత్రం తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ప్రాణాలు ఎక్కువగా పోయింది మాత్రం అక్కడికి తూర్పున దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో, పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి చుట్టుకున్న దివిసీమలో. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప, నాగాయలంక చుట్టుపక్కల పల్లెలు. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు సుమారు 10,000 మంది. ఆ లెక్కను నమ్మని దివిసీమవాసులు ఇప్పటికీ ఉన్నారు.

గాలి ఒకచోట, చావు ఇంకోచోట ఎందుకు? మన బంగాళాఖాతం తుపాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అది సాగే దారికి కుడిపక్కన గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి కొడుతుంది, ఎడమపక్కన నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. చీరాలకు ఎడమపక్కనున్న ఊళ్లకు గాలివాన దెబ్బే తగిలింది. కుడిపక్కనున్న దివిసీమ మీదికి గాలి సముద్రాన్నే తోసింది. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం లోతు తక్కువ. తోసుకొచ్చిన నీరు కిందికి పోలేదు, పైకి లేస్తుంది. అయిదు మీటర్ల ఎత్తున లేచిన ఆ నీటికి ఎదురుగా ఉన్నది సముద్ర మట్టం కన్నా ఒకటి రెండు మీటర్లు మాత్రమే ఎత్తున్న నేల, దానిమీద తాటాకు గుడిసెలు. తాటిచెట్టెక్కి కరుచుకున్నవాళ్లు, డాబా మీదికి, గుడి మీదికి చేరగలిగినవాళ్లు బతికారు. మిగతావాళ్లకు ఎక్కడానికి ఏమీ లేదు. నీరు తీశాక చూస్తే ముళ్లకంపల్లో మనుషులు, పశువులు కలిసిపోయి ఉన్నారు. ఎవరు ఎవరో పోల్చుకునే వీలు లేక గుంతలు తీసి కలిపి పూడ్చారు. మంచినీటి బావులన్నీ ఉప్పుబారాయి.

ఈ సీమకు ఇది కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెన కూడా ఇదే తీరానిది. పదమూడు అడుగుల నీరు, ఊరు దాటి 17 మైళ్ల లోపలికి చొచ్చుకుపోయింది. 780 చదరపు మైళ్లు మునిగాయని, 30,000 మంది పోయారని జిల్లా రికార్డులు. అంతకు దాదాపు నెల ముందు, అక్టోబరు 5న కలకత్తాను మరో తుపాను తుడిచిపెట్టింది. ఆ తర్వాత వచ్చిన కరువులతో కలిపి ఈ దెబ్బలే 1875లో భారత వాతావరణ శాఖ పుట్టుకకు కారణమయ్యాయి. శాఖ తన పుట్టుక కథ చెప్పేటప్పుడు కలకత్తా పేరే ఎత్తుతుంది. రాజధాని నగరం మునగడం వేరు, బందరు మునగడం వేరు మరి!

రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేయడం అప్పట్లోనే మొదలైంది. ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు... ఆ అంకెలు ఓడల కోసం పుట్టినవి. సొర్లగొందిలో గుడిసె వేసుకున్న మనిషికి పదో నంబరు ఎగిరిందని చెబితే ఏం చేయాలి? 1977లో హెచ్చరికలు లేవనలేం. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం 1974 నుంచే ఉంది. వారం కిందటే, నవంబరు 12న, ఇంకో తుపాను నాగపట్నాన్ని కొట్టింది. ఈ రెండోది మొదట పడమరకు సాగి, తర్వాత ఉత్తరానికి తిరిగింది. వార్త అందినవాళ్లకైనా పోదామంటే పక్కా కట్టడం లేదు, పోవడానికి దారి లేదు. నా దృష్టిలో దివిసీమను చంపింది గాలికన్నా ఆ లేమే.

తర్వాత సాయం వరదలా వచ్చింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. మదర్ థెరిసా వచ్చారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఆ పునరావాసంతో తన పేరును ముడివేసుకున్నారు. ఈ కథలు అందరికీ తెలుసు. వాటికన్నా ముఖ్యమైన పని చప్పుడు లేకుండా జరిగింది: తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి, మచిలీపట్నంలో రాడార్ వచ్చింది, ఊళ్లు ఖాళీ చేయించే అలవాటు అధికారులకు పడింది.

దాని ఫలితం తేలింది 1990 మే 9న. దాదాపు అంతే బలమైన తుపాను, అదే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపు. అదీ తక్కువేం కాదు, కానీ 1977 పక్కన పెట్టి చూడండి. 1996 నవంబరు 6న కోనసీమలో మాత్రం లెక్క మళ్లీ వెయ్యి దాటింది. ఆ తుపాను వైశాల్యంలో చిన్నది, ఉన్నట్టుండి ముంచుకొచ్చింది, వేటకెళ్లిన పడవలు తిరిగి రాలేదు.

ఈలోగా మడ అడవులు నరికి రొయ్యల చెరువులు తవ్వాం. షెల్టర్లలో కొన్నింటికి పెచ్చులూడుతున్నాయి. ఈసారి తుపాను ఫలానా చోట తీరం దాటుతుందని టీవీలో వింటే, మీ ఊరు దానికి ఏ పక్కనుందో చూసుకోండి. మన తీరంలో ఆ చోటికి ఉత్తరంగానో తూర్పుగానో ఉంటే, గాలి సంగతి తర్వాత, ముందు షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి.