చదరంగంలో మంత్రి ఎవరు, ఏనుగు ఏది?

చెన్నైలో పెరిగిన తెలుగు విద్యార్థికీ రాజమండ్రి విద్యార్థికీ చదరంగం బల్ల దగ్గర ఒక చిక్కు వస్తుంది. తెలుగులో రాజు పక్కన నిలిచే బలమైన పావు మంత్రి. తమిళంలో అది రాణి; ఐమూలగా నడిచే పావును, అంటే మన శకటును, అక్కడ మంత్రి అంటారు. మాట ఒకటే, పావులు రెండు. ఇందులో ఎవరి వాడుకా తప్పు కాదు. ఈ తేడాలు ఎలా వచ్చాయో పరిశీలిద్దాం.

ముందుగా ఆట పేరు. గళ్ళు చదరంగా ఉన్నందున చదరంగమైందని కొందరు అనుకుంటారు. నిజానికిది సంస్కృత 'చతురంగ' శబ్దానికి తద్భవం. 'చదరం' చతురస్రం నుంచి వచ్చింది. రెండింటిలోనూ 'నాలుగు' ఉంది గాని, ఆట పేరులోని నాలుగూ సేనాంగాలు: రథ, గజ, తురగ, పదాతులు.

తెలుగు పేర్లలో ఈ నాలుగూ నిలిచే ఉన్నాయి. మూలన ఏనుగు, దాని పక్కన గుర్రం, ఆపైన శకటు, ముందు వరుసలో బంట్లు. శకటమంటే బండి, రథానికి దగ్గరి మాట. కన్నడ, మరాఠీ వాడుకలో శకటు స్థానంలో ఒంటె ఉంటుంది. బెంగాలీలో మూలనున్నది నౌక. గజం మన శకటు చోట నిలుస్తుంది. కనుక మన ఏనుగూ, వారి గజమూ ఒకటి కావు.

ఆట పారశీకం మీదుగా అరబ్బులకు చేరింది. వారి 'ఫీల్', అంటే ఏనుగు, శకటు చోటనే ఉండేది. స్పానిష్‌లో ఆ పావు నేటికీ 'అల్ఫీల్'. ఫ్రెంచిలో ఆ శబ్దమే మారి 'ఫూ', అంటే విదూషకుడు, అయిందంటారు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఫ్రెంచి చదువుకునే విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి.

మంత్రి విషయంలో మరో జాగ్రత్త అవసరం. అరబ్బుల ఆటలో ఈ పావు ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. ఐరోపాలో అది రాణిగా మారింది. 15వ శతాబ్ది చివర స్పెయిన్ ప్రాంతంలో నేటి విస్తారమైన నడక సంతరించుకుంది. పాత గ్రంథాల్లో మంత్రి కనిపించగానే నేటి బలాన్ని దానికి అంటగట్టరాదు.

ఇక 'షా మాత్'. రాజు చచ్చాడని దీనికి అర్థం చెప్పడం కద్దు. పారశీకంలో 'మాత్' అంటే దిక్కుతోచనివాడు. ఆటలో రాజును ఎవరూ చంపరు. కదలడానికి చోటుండదు, అంతే. మన 'ఆటకట్టు' ఈ అర్థాన్ని చక్కగా పట్టుకుంది.

అనువాదం చేసేవారికి మేము చెప్పేది ఒక్కటే: పేరును నమ్మి పావును గుర్తించకండి. అది ఏ గడిలో నిలుస్తుందో, ఎలా నడుస్తుందో చూసి, అప్పుడు తెలుగు పేరు పెట్టండి.