తైవాన్ పంపు ఇంజిన్ స్లోలో ఆగిపోతోందా? టైమింగ్ విప్పే ముందు ఇవి చూసుకోండి

మిరపలో తామర పురుగు, పత్తిలో దోమ ఉధృతి పెరిగినప్పుడు మందు పిచికారీ రెండు మూడు రోజులు ఆలస్యమైనా నష్టమే. సరిగ్గా ఆ సమయంలోనే పంపు ఇంజిన్ మొరాయిస్తుంది. తాడు లాగితే అందుకుంటుంది కానీ ఎక్సలరేటర్ తగ్గించగానే ఆగిపోతుంది, లేదా కొట్టుకుంటూ నడుస్తుంది. ఇలాంటి ఇంజిన్‌తో మందు కొట్టినా ఫలితం తక్కువ. ఇంజిన్ వేగం మారితే పంపు ఒత్తిడి మారుతుంది, తుంపరల సైజు మారుతుంది. ఒక సాలులో మందు ఎక్కువ, పక్క సాలులో తక్కువ పడుతుంది.

చాలామంది ముందుగా కార్బురేటర్ స్క్రూలు తిప్పుతారు, లేదా టైమింగ్ పోయిందని ఫ్లైవీల్ విప్పుతారు. ఈ ఇంజిన్లలో టైమింగ్ దానంతట అదే మారదు. తేలికగా సరిచేసుకునే వాటితో మొదలుపెట్టి కింది వరుసలో చూడండి.

మొదట మీ ఇంజిన్ రకం తెలుసుకోండి

టూ స్ట్రోక్ ఇంజిన్‌కు పెట్రోలులోనే ఆయిల్ కలపాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కు ఆయిల్ విడిగా ఇంజిన్‌లో పోయాలి, పెట్రోలులో కలపకూడదు. ఇది తారుమారైతే ఇంజిన్ పాడవుతుంది.

వరుసగా చూడవలసినవి

1. పెట్రోలు: గత పంటకాలంలో మిగిలిన పెట్రోలు వాడకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇది తేమను పీల్చుకుంటుంది. నిల్వ ఉంటే నీరు అడుగున చేరి ఇంజిన్ ఆగిపోతుంది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పాళ్లు కంపెనీ పుస్తకంలో ఉన్నట్లే కలపండి. 25:1 అంటే లీటరు పెట్రోలుకు 40 మి.లీ., 50:1 అంటే 20 మి.లీ. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ వచ్చి ప్లగ్గు తడుస్తుంది. మూతతో అంచనాగా పోయకుండా కొలత గ్లాసు వాడండి. ట్యాంకులోని ఫిల్టరును, మూతకున్న గాలి రంధ్రాన్ని శుభ్రం చేయండి.

2. ఎయిర్ ఫిల్టర్: స్పాంజిని సబ్బు నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టి బిగించండి. దుమ్ము పట్టిన ఫిల్టరుతో గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది, నల్ల పొగ వస్తుంది.

3. ప్లగ్గు: విప్పి రంగు చూడండి. లేత గోధుమ రంగు మంచిది. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు లేదా ఆయిల్ ఎక్కువ. తెల్లగా కాలినట్లుంటే పెట్రోలు తక్కువ లేదా ఎక్కడో గాలి లీకవుతోంది. ప్లగ్గు గ్యాప్ సాధారణంగా 0.6–0.7 మి.మీ. ఉండాలి.

4. సైలెన్సర్: టూ స్ట్రోక్‌లో మసి పేరుకుని రంధ్రం మూసుకుంటే ఇంజిన్ బలం తగ్గుతుంది. చల్లారాక విప్పి మసి గీకండి.

5. కార్బురేటర్: జెట్‌ను గాలి ఊది శుభ్రం చేయాలి. తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై సమస్య పెరుగుతుంది. గాలి, పెట్రోలు పాళ్ల స్క్రూ ఉంటే, తిప్పే ముందు ఇప్పుడు ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టి రాసుకోండి. స్లో స్క్రూను ఇంజిన్ మూడు నాలుగు నిమిషాలు నడిచి వేడెక్కాకే సరిచేయండి.

స్లో ఒక్కోసారి బాగా పెరిగి తగ్గకపోతే స్క్రూ తిప్పి సరిపెట్టకండి. కార్బురేటర్ గాస్కెట్ దగ్గర గానీ, క్రాంక్ సీలు దగ్గర గానీ గాలి లీకవుతుండవచ్చు. అలాగే నడిపితే ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది.

టైమింగ్ ఎప్పుడు అనుమానించాలి?

పిస్టన్ పైకి చేరడానికి కొద్దిగా ముందు ప్లగ్గు మండాలి. దీన్నే టైమింగ్ అంటారు. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం కాయిల్ ముందు నుంచి తిరిగినప్పుడు ఈ నిప్పు పుడుతుంది. ఫ్లైవీల్‌ను క్రాంక్‌పై ఒక చిన్న కీ సరైన చోట నిలుపుతుంది. నట్టు వదులై లేదా ఇంజిన్ ఏదో తగిలి ఒక్కసారి ఆగిపోయి ఈ కీ కోసుకుపోతే టైమింగ్ తప్పుతుంది. గుర్తులు ఇవి:

• ప్లగ్గులో నిప్పు బాగున్నా ఇంజిన్ అందుకోదు.
• తాడు లాగితే చేతిని వెనక్కి గుంజుతుంది.
• కార్బురేటర్ లేదా సైలెన్సర్ నుంచి ఢమ్మని శబ్దం వస్తుంది.

ఇవి కనిపిస్తే ఫ్లైవీల్ విప్పించి కీ చూపించండి. పుల్లర్‌తోనే తీయించండి, సుత్తితో కొడితే క్రాంక్ దెబ్బతింటుంది. కాయిల్‌కు, ఫ్లైవీల్‌కు మధ్య సందు సాధారణంగా 0.3–0.4 మి.మీ. ఉంటుంది. ఒక విజిటింగ్ కార్డు మందం దీనికి దగ్గరగా ఉంటుంది.

పాయింట్లు ఉన్న పాత కిరోసిన్ ఇంజిన్లలో మాత్రం టైమింగ్ సర్దుకోవాలి. పాయింట్ల మధ్య పలుచని కాగితం పెట్టి, ఇంజిన్ తిరిగే దిశలోనే ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పండి. కాగితం వదులయ్యే క్షణంలో ఫ్లైవీల్ గీత, బాడీ మీది గీత ఎదురెదురుగా ఉండాలి. పాయింట్ల గ్యాప్ పెరిగితే నిప్పు ముందుగా, తగ్గితే ఆలస్యంగా వస్తుంది.

జాగ్రత్తలు

• పని మొదలుపెట్టే ముందు మందు ట్యాంకు ఖాళీ చేసి కడగండి, చేతి తొడుగులు వేసుకోండి.
• ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు పోయకండి.
• నిప్పు పరీక్షించేటప్పుడు పెట్రోలు డబ్బా దూరంగా ఉంచండి. ప్లగ్గును ఇంజిన్ ఇనుముకు ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టండి.

పంటకాలం ముగిశాక

పెట్రోలు తీసేసి, ఇంజిన్ ఆగేవరకు నడపండి. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో కొన్ని చుక్కల ఆయిల్ వేసి, తాడును రెండు మూడుసార్లు మెల్లగా లాగి ప్లగ్గు బిగించండి. తర్వాతి పంటకు మందు కొట్టాల్సిన వారం ముందే ఒకసారి నడిపి చూసుకోండి. అప్పుడు లోపం కనబడితే సరిచేయడానికి సమయం ఉంటుంది.