మజిల్ కారు హీటరు, ఓరుగల్లు ఇత్తడి విద్య

వరంగల్లునుండి కరీంనగరమునకు పోవు రహదారిమీద, ఎర్రగట్టు గుట్టకు చేరువనున్న హసన్‌పర్తిలో, వేసవి వచ్చినదనగా ఎండ నలువది డిగ్రీలు దాటును. అట్టి చోట నివసించువారికి, కారులో కూర్చున్నవాని పాదములకు వెచ్చదనము కల్పించుటకై హీటరను ఒక యంత్రాంగము కలదనియు, అది అరువదియేండ్ల పిమ్మట చెడిపోయినచో దానిని పారవేయక, ఆనాటి రేకును, ఆనాటి గొట్టమును, ఆనాటి మీటను అట్లే నిలుపుటకై నెలల తరబడి శ్రమించువారు అమెరికాలో ఉన్నారనియు చెప్పినచో వింతగా తోచుట సహజము. కాని ఆ శ్రమకు ఆధారమైన విద్య మనకు పరాయిది కాదు. రాగి, ఇత్తడి, తగరము, సీసము అను నాలుగు లోహముల గుణమెరిగిన చేతులకు ఓరుగల్లు సీమలో ఏనాడును కొరత లేదు. పాత వస్తువు నిలువవలెనన్న, దానిని చేసిన విద్యయు నిలువవలెనను సత్యమునకు ఆ హీటరుకంటె మంచి నిదర్శనము అరుదు.

మోటారుకారు తొలినాళ్లలో మంచు కురియు దేశముల ప్రయాణికులు మందపు కంబళ్లు కప్పుకొని, కాళ్లకడ నిప్పుకణికల పెట్టె నుంచుకొని పోవుచుండెడివారు. తరువాత ఇంజను పొగగొట్టపు వేడిని లోనికి మళ్లించు ఉపాయమును కనుగొనిరిగాని, ఆ గొట్టమునకు చిల్లి పడినచో విషవాయువు లోనికి చొరబడు భయముండెను. ఇంజనును చల్లార్చి తాను కాగిపోవు నీటిలోనే కావలసినంత వేడి వృథాగా పోవుచున్నదని గ్రహించినపుడు అసలు మార్గము దొరకెను. 1938లో నాష్ మోటార్స్ సంస్థవారు వెలుపలి గాలిని వడకట్టి, వేడినీటి గొట్టముల నడుమనుండి లోనికి పంపు పద్ధతిని ప్రవేశపెట్టి, మరుసటి యేట దానికి ఉష్ణనియంత్రణమును చేర్చి, ‘వెదర్ ఐ’ అను పేరిట ప్రసిద్ధికి తెచ్చిరి.

ఈ హీటరునకు చారిత్రక సాక్ష్యమను గౌరవము లభించినది మాత్రము మజిల్ కార్లు అనబడు వేగపు కార్ల వలననే. 1964లో పాంటియాక్ సంస్థ మధ్యరకపు కారుదేహములో 389 ఘనపుటంగుళముల ఇంజను నమర్చి, 325 అశ్వముల శక్తితో జీటీవో అను కారును వీథిలోనికి వదలినపుడు, అమెరికా యువజనమునకు వేగమే ప్రాణమైనది. పందెపుబాటపై ప్రతి శేరు బరువును శత్రువుగా నెంచిన కొందరు, హీటరు లేకుండ కారు కావలెనని కోరి మరీ కొనిరి. 1968 జనవరి 1 నుండి కార్ల ముందద్దముపై మంచును, ఆవిరిని తొలగించు సాధనము తప్పనిసరి యని అక్కడి కేంద్రప్రభుత్వ నిబంధన అమలులోనికి వచ్చిన పిమ్మట హీటరు లేకుండ కొను ఆ వెసులుబాటు ఇంచుమించుగా అంతరించెను. కావున అట్టి కారులో హీటరు ఉండుటయే కాక, లేకుండుటయు ఒక చరిత్రయే. లేనిదానికి తెచ్చి తగిలించినను, ఉన్నదానిని ఊడబెరికినను, ఆ కారును తొలుత కొన్నవాని మనస్సును, ఆ సంవత్సరపు శాసనమును చెప్పు సాక్ష్యము చెరిగిపోవును.

హీటరు నిర్మాణము చూడ సరళము. చిన్న రేడియేటరువంటి గుండెకాయ ఒకటి. అందులోనికి ఇంజనునుండి వేడినీరు తెచ్చుటకు ఒకటి, తిరిగి కొనిపోవుటకు ఒకటి, రబ్బరు గొట్టములు రెండు. దానిమీదుగా గాలిని తోలు ఫ్యాను. ఆ గాలిని పాదములవైపునకో అద్దమువైపునకో మళ్లించు తలుపులు. ఆ తలుపులను కదలించు తీగలు, మీటలు. కాలము వీనినన్నిటిని ఒక్కొక్క రీతిగా కబళించును. తలుపుల అంచులనున్న స్పంజి పొడియై రాలును. తీగలు తుప్పుపట్టి బిగిసికొనును. గుండెకాయ చిల్లి పడి, తీపివాసన గల చల్లార్పు ద్రవము కాలికింది తివాచీని తడిపి, అద్దముపై జిడ్డుపొరగా పేరుకొనును.

నిష్ఠగల పునరుద్ధారకుడు ముందుగా ఛాయాచిత్రములు తీసి, ఒక్కొక్క మరమేకునకును చీటి కట్టి, పిమ్మటనే పెట్టెను విప్పును. గుండెకాయను నీట ముంచి, లోనికి కొలతగా గాలినెక్కించి, బుడగ లేచిన చోటును గుర్తించును. అక్కడ పాత మాటును కరగించి, శుభ్రపరచి, కొత్త మాటు వేయును. తగరము, సీసము కలిసిన మాటులోహము 190 డిగ్రీలలోపుననే కరగనారంభించును; ఇత్తడి కరగుటకు 900 డిగ్రీలు దాటవలెను. ఈ అంతరమే ఆ విద్యకు ప్రాణము: అతుకు విడిపోవును, వస్తువు చెడదు, మరల అతుకవచ్చును, మరల విప్పవచ్చును. ఇంత చేసియు, పెట్టెపై కర్మాగారమువారు వేసిన తేదీముద్రను, తనిఖీదారుని రంగుగుర్తును ఆతడు తుడిచివేయడు. అవి చెరిగినచో కొత్తదానికిని దీనికిని భేదమేమి?

ఈ జాగ్రత్త ఓరుగల్లు ప్రజలు ఎరుగనిది కాదు. 1163లో రుద్రదేవుడు నిర్మింపజేసిన వేయిస్తంభముల గుడికి చెందిన కల్యాణమంటపమును పురావస్తుశాఖవారు రాయి రాయికి సంఖ్య వేసి విప్పి, మరల నిలిపి, 2024 మార్చిలో ప్రజలకు తెరచిరి. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించిన రోడ్డు రవాణాకు గుర్తుగా ఆనాటి ఆల్బియన్ బస్సొకటి హైదరాబాదు బస్ భవన్‌లో నేటికిని భద్రముగా నున్నది. రాతికి చూపిన శ్రద్ధ ఇనుమునకును ఇత్తడికిని చెల్లవలెను.

అందుకు కావలసిన నేర్పు మనకు దగ్గరలోనే కలదు. జనగామ చేరువనున్న పెంబర్తిలో ఇత్తడిరేకును సాగగొట్టి దేవతామూర్తులను మలచు శిల్పుల పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. లారీ, బస్సు రేడియేటర్లకు మాట్లు వేయు పనివారును ఆ లోహకుటుంబమువారే. మన ఎండలో ఇంజను మితిమీరి కాగినపుడు హీటరు తెరచి, ఆ వేడిని కొంత లోనికి లాగి ఇంజనును కాపాడు చిట్కాను అనుభవజ్ఞులైన డ్రైవర్లు ఎరుగుదురు. చలిదేశపు సౌఖ్యసాధనము ఇచట రెండవ రేడియేటరై ఆపద గట్టెక్కించును. అయితే అల్యూమినియము, ప్లాస్టికు రేడియేటర్లు వచ్చిన పిమ్మట, చెడినదానిని మార్చుటయేగాని బాగుచేయుట తగ్గినది. పని తగ్గినచో శిష్యులు రారు. శిష్యులు లేనిచో గురువుతోనే నేర్పు నశించును.

1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసిన నేటి ఎన్‌ఐటీ వరంగల్లుననే ఉన్నది. అచటి విద్యార్థులు ఒక్కొక్క సెలవులో ఒక్కొక్క రేడియేటరు మేస్త్రి సరసన కూర్చుండి, ఏ లోహమునకు ఎంత వేడి, ఏ అతుకునకు ఏ మాటు అని అడిగి, వ్రాసి, చిత్రించి పెట్టినచో, ఆ వ్రాత అమెరికాలోని జీటీవోకును అక్కరకు వచ్చును, మన డిపోలలో మూలబడిన బస్సునకును అక్కరకు వచ్చును. యంత్రమును కొనుటకు ధనము చాలును. దానిని కాపాడుటకు మాత్రము మేస్త్రి కావలెను. ఆ మేస్త్రికి గౌరవమును, తగిన కూలిని, శిష్యుని ఇచ్చుట మన బాధ్యత.