మంట లేని వంట

పోతన భాగవతంలో చిన్ననాటి రుక్మిణి ఆటల్లో బొమ్మల పెళ్లిళ్లున్నాయి, గుజ్జనగూళ్లూ ఉన్నాయి. చెలికత్తెలకు వండి వడ్డించే ఆ ఆట 15వ శతాబ్దానికే తెలుగు పిల్లలకు అలవాటైనదన్నమాట. తర్వాతి కాలంలో దానికి సామాను సమకూర్చిన ఊళ్లలో ముందుగా చెప్పుకోవలసింది ఏటికొప్పాక.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉందీ ఊరు. ఇక్కడి బొమ్మలకు అంకుడు కర్రే ఆధారం. మెత్తని ఆ కర్రను లేతుకు బిగించి, గిర్రున తిరుగుతుండగా ఉలి పట్టి ఆకారం తెస్తారు. పూర్వం తాడు లాగి తిప్పేవారు, ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతోంది. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పూతగా పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. రోలు, రోకలి, తిరగలి, బిందె, పొయ్యి... అమ్మ వంటిల్లంతా చిన్నపిల్ల అరచేతిలోకి వస్తుంది. వీటినే లక్కపిడతలంటారు.

లక్కపిడత నిజంగా పొయ్యెక్కదు, ఎక్కితే లక్క కరిగి కర్ర కాలుతుంది. అందుకే మంట, ఉడుకు, కమ్మని వాసన అన్నీ పిల్లే ఊహించుకోవాలి. ఇసుక బియ్యమవుతుంది, ఆకులు కూరవుతాయి. ముందు దంచాలి, తర్వాత వండాలి, ఎంతమంది కూర్చుంటే అన్ని ముద్దలు పెట్టాలి. వరస, లెక్క, మాటతీరు ఎవరూ నేర్పకుండానే పట్టుబడతాయి. కర్రను గుర్రమనుకునే పిల్లవాడిని చూపి, వస్తువు నుంచి అర్థాన్ని విడదీయడం ఆటలోనే మొదలవుతుందన్నాడు రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ. మన పెరటి అరుగుల మీద జరిగిందీ అదే.

అయితే పసిపిల్లలు బొమ్మను చేత్తో పట్టుకుని ఊరుకోరు, నోట్లో పెట్టుకుంటారు. అందుకే రంగు విషయం అంత ముఖ్యం. చవక రసాయన రంగులు వచ్చి పాత చెట్ల రంగులను పక్కకు నెట్టాయి. బొమ్మల రంగుల్లో సీసం ఉంటే అది పసివాళ్ల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. 2007లో మాటెల్ అంతటి పెద్ద బొమ్మల సంస్థే సీసం రంగుల కారణంగా లక్షల బొమ్మలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఏటికొప్పాకలో సి.వి. రాజు అంతకు చాలా ముందే పసుపు, నీలి ఆకు, జాఫ్రా గింజల వైపు మళ్లి, తోటి కళాకారులనూ మళ్లించారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పేరొచ్చాక ఈ బొమ్మలు షోకేసుల్లోకి ఎక్కుతున్నాయి. చేసేవాళ్లకు నాలుగు డబ్బులొస్తున్నాయి, సంతోషమే. కానీ వీటి అసలు చోటు పిల్లల చేతుల్లో. 3 నుంచి 8 ఏళ్లవారికి ఆటల ద్వారా చదువు చెప్పేందుకు కేంద్రం 2023లో ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె తెచ్చింది. మన అంగన్‌వాడీల్లో అలాంటి పెట్టె ఎక్కడ తెరిచినా అందులో ఒక లక్కపిడతల బుట్ట ఉండాలి. దాంతోపాటు అంకుడు మొక్కలూ నాటాలి, కర్ర దొరకడం ఏటికేడు కష్టమవుతోంది.